మస్కట్ గాజులావిడ

గత నెల నా వల్ల ఒకతని ఉద్యోగం పోయింది. మా ప్లాంటులో బాయిలరు ఉష్ణోగ్రత గంటకోసారి చూసి రిజిస్టరులో రాయాలి. మూడు వారాల పేజీలు తిరగేస్తే, ఒక షిఫ్టులో మాత్రం ప్రతి అంకె చివరా సున్నా గానీ ఐదు గానీ ఉంది. నిజంగా మీటరు చూసి రాసేవాడికి మూళ్ళూ ఏడులూ కూడా వస్తాయి. ఇతను కుర్చీలోంచి లేవకుండా రాసేశాడు. నేను నివేదిక ఇచ్చాను, అతణ్ణి తీసేశారు. బాయిలరుతో ఆటలు కావు కాబట్టి నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అంటాను. కానీ మేనేజరు అందరి ముందూ నా భుజం తట్టి, "ఈ కన్ను ఎక్కడ సంపాదించావయ్యా?" అన్నప్పుడు "చిన్నప్పట్నుంచీ ఉందండి" అని నవ్వేశాను.

చిన్నప్పట్నుంచీ ఉన్న మాట నిజమే. ఏడో తరగతిలో ఉండగా ఆ కన్నుతోనే ఒక మనిషి బతుకుతెరువు తీసేశాను.

నాన్నది కాలవ లాకుల దగ్గర ఉద్యోగం. రోజుకు మూడుసార్లు నీటిమట్టం రాయడం, అవసరమైతే తలుపులు ఎత్తించడం, దించడం. లాకుల పక్కనే పెంకుల క్వార్టరు మాది. రామచంద్రపురం నుంచి వచ్చే బస్సు మా వంతెన మీదే ఆగేది. వేసవిలో కాలవలు కట్టేసిన రోజుల్లో ఇల్లంతా బురద వాసన, ఆ బురదలో దొరికిన చేపల పులుసు వాసన. నీళ్ళు వదిలిన పూట మాత్రం తడిసిన మట్టి వాసనకి నాన్నమ్మ గుమ్మంలోకి వచ్చి ఒక్క నిమిషం నిలబడేది. ఆవిడ గుమ్మం దాకా రావడమే తక్కువ. తాతయ్య పోయిన దగ్గర్నుంచి వంటిల్లూ పెరడూ తప్ప ఆవిడకి వేరే ఊరు లేదు.

నాన్న గళ్ళ పుస్తకాలు చూసి చూసి నాకూ రాసే పిచ్చి పట్టింది. ఆయన పారేసిన పాత రిజిస్టరు ఒకటి తెచ్చుకుని అందులో మూడు పట్టికలు పెట్టాను. లాకులు దాటిన పడవలు, వంతెన మీద ఆగిన బస్సుల నంబర్లు, స్టాంపులు. స్టాంపుల పట్టికకి ఐదు గళ్ళు: వరుస సంఖ్య, దేశం, వెల, ముద్ర మీద తేదీ, ఇచ్చినవారు.

ఇచ్చినవారు అన్న గడిలో ఎక్కువసార్లు వచ్చిన మాట "గాజుల పిన్నిగారు".

వంతెన దిగగానే వరసగా మూడు కొట్లు ఉండేవి. సైకిలు షాపు, ఎస్టీడీ బూతు, ఆవిడ గాజుల కొట్టు. నేను నాలుగో తరగతిలో ఉండగా మొగల్తూరు వైపు నుంచి ఒక్కతే వచ్చి ఆ కొట్టు అద్దెకు తీసుకుంది. భర్త మస్కట్‌లో పెద్ద పెద్ద మేడలు కట్టే పనిలో ఉన్నాడని చెప్పింది. ఊళ్ళో అందరూ మస్కట్ గాజులావిడ అనేవారు. రూపాయి బిళ్ళంత బొట్టు, మెళ్ళో నల్లపూసలు, పాదాలకి ఎప్పుడూ పసుపు. కొట్టులోకి వెళ్తే ముందు ఎండుగడ్డి వాసన వచ్చేది, గాజులు పగలకుండా పెట్టెల్లో నింపి పంపే గడ్డి. దాని మీద సబ్బు వాసన. చేతికి సబ్బునురగ రాసి, బొటనవేలి కింద కండ నొక్కి, కబుర్లు చెబుతూ చెబుతూ గాజు ఎక్కించేసేది. ఎక్కినట్టు కూడా తెలిసేది కాదనేవారు ఆడవాళ్ళు.

చెయ్యి చూడగానే "రెండు-నాలుగండి", "మీకు రెండు-ఆరండి" అనేసేది. ఆ అంకెలకి అర్థం తొడిగించుకునేవాళ్ళకి తెలియదు. నేను అడిగితే ఆవిడ చెప్పింది. రెండు అంగుళాలు, ఆ పైన అంగుళంలో పదహారో వంతులు ఆరు. నేను స్కేలు తెచ్చి గాజు లోపలి అడ్డం కొలిచాను. సరిపోయింది. మా లెక్కల మాస్టారు కూడా నన్ను అంత తృప్తి పరచలేదు.

చిట్లిన గాజుల ముక్కలు రంగు ప్రకారం విడదీసి నా కోసం సీసాల్లో ఉంచేది. ఆడపిల్లలు వాటిని కొవ్వొత్తి మంట మీద వంచి గొలుసులు చేసేవారు. నేను ఒకటీ రెండూ అని పైకి లెక్కపెడుతూ, ఏ రంగు ముక్క ఎన్ని లెక్కల్లో వంగుతుందో చూసి రాసుకునేవాణ్ణి. ఒకసారి మంట మీద మా అక్క ఓణీ అంచు కూడా చూశాను. అది మూడు లెక్కల్లోనే అంటుకుంది.

శుక్రవారం మధ్యాహ్నాలు భోజనాలయ్యాక ఆ కొట్టు ముందు చాప పడేది. అమ్మా, సైకిలు షాపాయన భార్యా, ఇంకో నలుగురైదుగురూ చేరేవారు. ఒకరు మరమరాలు, ఒకరు తేగలు తెచ్చేవారు. నెలకోసారి మస్కట్ ఉత్తరం వచ్చేది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చదివేది.

"'ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. చేపలు బాగానే దొరుకుతున్నాయి గానీ పులస మాత్రం లేదు.'"

"పులస దొరకని ఊరు కూడా ఓ ఊరేనా!" అనేది సైకిలు షాపాయన భార్య. "పుస్తెలమ్మైనా తినాలన్నారు. ఆ మాట ఆ అరబ్బువోళ్ళకి ఎవరన్నా చెప్పండమ్మా."

"పుస్తెలమ్మితే మా ఆయన ఊరుకోడండి, ఆయ్," అనేది ఆవిడ, తేగ విరుస్తూ. అందరూ నవ్వేవారు. ఆవిడ ఎక్కువగా నవ్వేది.

నేను ఆరో తరగతిలోకి వచ్చాక స్టాంపులు అడిగాను. ఆవిడ కవరు మూల కత్తిరించి ఇచ్చింది. ఆ తర్వాత నుంచి ప్రతి ఉత్తరంలోనూ నా గురించి ఒక వాక్యం రావడం మొదలైంది. "'లాకులాయన గారి అబ్బాయికి ఈసారి కొత్త రకం స్టాంపు అంటించాను.'" మస్కట్‌లో నేను తెలిసిన మనిషి ఒకడు ఉన్నాడన్న సంగతి బడిలో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. "పిన్నిగారూ, అక్కడి క్రేను ఎంత ఎత్తుంటుందో అడగండి" అంటే, తర్వాతి నెల జవాబు వచ్చింది. "'ఇరవై తాటిచెట్లంత ఉంటుందని బాబుకి చెప్పు.'" తాటిచెట్టు అరవై అడుగులనుకున్నా పన్నెండు వందల అడుగులు. అంత క్రేను ఉండదని అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. నమ్మాలనుకున్న చోట నేనూ కొలత చూడలేదు.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. మా వైపు పెళ్ళికీ సీమంతానికీ గాజులు తొడిగే ఆడమనిషి ముత్తైదువై ఉండాలి. గాజులమ్ముకునే మగవాడు తొడిగినా పట్టింపు లేదు. భర్త పోయినావిడ తొడిగితే మాత్రం ఆ కీడు తొడిగించుకున్న పిల్ల మెడకి చుట్టుకుంటుందని నమ్మకం. చుట్టుపక్కల నాలుగూళ్ళలో పెళ్ళంటే ఈవిడకే కబురు. గాజుల మలారం, అంటే దండల్లా గుచ్చిన గాజుల మోపు, భుజాన వేసుకుని రిక్షాలో వెళ్ళేది. ఆవిడ బతుకంతా ఆ బొట్టు మీద నిలబడి ఉండేది.

ఇంకో సంగతి కూడా అప్పట్లోనే గమనించాను. పెళ్ళికూతురికైనా, కడుపుతో ఉన్న పిల్లకైనా, తొలి గాజు ఆవిడ తొడిగేది కాదు. తల్లి చేత తొడిగించేది. "ఇదేంటమ్మా, మేమెక్కడా చూళ్ళేదే" అంటే, "మా మొగల్తూరు వైపు ఆనవాయితీ అండి. కన్నతల్లి చెయ్యి పడ్డాకే పరాయి చెయ్యి" అనేది. మూడేళ్ళయ్యేసరికి ఊరంతా అది తాతల నాటి తమ ఆనవాయితీ అన్నట్టే చేసుకునేవారు.

ఏడో తరగతి, ఫాల్గుణ మాసం. అక్కకి ఏడో నెల, సీమంతానికి పుట్టింటికి తీసుకొచ్చారు. పరీక్షలకి చదవాల్సిన రోజుల్లో నేను స్టాంపులన్నీ తిరగరాయాలనుకున్నాను. అంతవరకూ దొరికిన వరుసలో ఉన్నవాటిని ముద్రల మీద తేదీల వరుసలో పెడదామని. ముద్రలు సగం చెదిరి ఉండేవి. నాన్న భూతద్దం తీసుకుని గళ్ళు నింపుకుంటూ పోయాను.

ఆవిడ ఇచ్చినవి పంతొమ్మిది. మొదటి తేడా నాలుగో స్టాంపు దగ్గర వచ్చింది. దసరాకి ఇచ్చిన దాని మీద తేదీ వినాయక చవితికి ఇచ్చిన దానికంటే ముందుది. తప్పు చదివానేమోనని మళ్ళీ చూశాను. కాదు. పంతొమ్మిదీ పూర్తయ్యాక పేజీ కింద గీత గీసి చూస్తే సంగతి ఇది. ఉత్తరాలన్నీ నేను రెండో తరగతి, మూడో తరగతి చదివినప్పటివి. చివరి ముద్ర కూడా ఆవిడ మా ఊరు రావడానికి ఏడాది ముందుది. అంటే మా ఊరికి ఒక్క ఉత్తరమూ రాలేదు. శుక్రవారాలు ఆవిడ చదివినవి పాత ఉత్తరాలు. నా గురించిన వాక్యం, నా క్రేనూ, ఇరవై తాటిచెట్లూ, ఏ ఉత్తరంలోనూ లేవు.

ముందు నాకు కోపం రాలేదు. నన్ను చిన్నపిల్లాణ్ణి చేసి ఆడించిందన్న సిగ్గు.

మర్నాడు పోస్టుమానుని వంతెన మీద ఆపి అడిగాను. ఆయన సైకిలు దిగాడు.

"ఆవిడికి ఇంతవరకూ ఒక్క కార్డు ముక్క ఇవ్వలేదు బాబూ. ఎందుకడుగుతున్నావు?"

చెప్పాను.

"ఎవరికన్నా చెప్పావా?"

"లేదండి."

"చెప్పకు. నేనిచ్చినా ఇవ్వకపోయినా ఆవిడేదో చదువుకుంటోంది. నీ సొమ్మేం పోయింది?" అని, సైకిలెక్కి, మళ్ళీ కాలు ఆన్చి, "నేను మూడేళ్ళ నుంచి నోరు మూసుకున్నాను. నువ్వు మూడు రోజులు మూసుకో చూద్దాం" అన్నాడు.

తొమ్మిది రోజులు మూసుకున్నాను.

పదో రోజు సీమంతం. పొద్దుటి నుంచి ఇల్లంతా గారెల నూనె వాసన, ఏలకుల వాసన. హాల్లో పెద్ద చాప మీద చలిమిడి పళ్ళెం, నువ్వుల చిమ్మిలి పళ్ళెం, అరటిపళ్ళు, రవికల గుడ్డలు, పసుపు, కుంకుమ, ఆకుపచ్చ గాజులు. నాన్నమ్మ వంటింట్లో తలుపు వార. మగవాళ్ళంతా వరండాలో. బావగారు అప్పటికి జూనియర్ ఇంజనీరు, నేను ఆయనలా అవ్వాలనుకునేవాణ్ణి.

"ఏరా సైంటిస్టూ, ఏం కనిపెట్టావు ఈ మధ్య? పడవలు లెక్కెట్టడం అయిందా?" అన్నారు.

వరండాలో నలుగురూ నవ్వారు. నేను లోపలికెళ్ళి రిజిస్టరు తెచ్చాను.

ఆయన మొదట నవ్వుతూ చూశారు. తర్వాత నవ్వడం మానేసి భూతద్దం అడిగారు. నాలుగైదు ముద్రలు తనే చదివి, "అరె! కరెక్టేరా!" అన్నారు. నా జన్మలో అంత గొప్ప మాట అంతవరకూ వినలేదు. ఆయన హాలు గుమ్మంలోకి తల పెట్టి, "అమ్మా, నీ కోడలి తమ్ముడు సీఐడీ అయిపోయాడే. మీ గాజులావిడ గుట్టు పట్టేశాడు" అన్నారు. ఆయనకి అది తమాషా. లోపల ఏం జరుగుతోందో, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుని ఉన్నారో చూసుకోలేదు.

అక్క అత్తగారు నన్ను లోపలికి పిలిచింది. "ఇలా రా నాన్నా. ఏం పట్టావు? చెప్పు."

గాజుల పిన్నిగారు అక్క ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని ఉంది. తొలి గాజు అమ్మ తొడిగేసింది. తర్వాత ఐదు గాజులు పడ్డాయి. అక్క వేళ్ళు బాగా వాచి ఉన్నాయి. ఏడో గాజు కణుపుల దగ్గర సగం ఎక్కి ఉంది.

నేను చదివాను. వరుస సంఖ్య, ముద్ర తేదీ, ఇచ్చిన నెల. మూడు చదివేసరికే అందరికీ అర్థమైపోయింది. అక్కడ ఆపొచ్చు. పంతొమ్మిదీ చదివాను.

ఆవిడ నా వంక చూసింది. కోపంగా కాదు. లెక్క తప్పిన చోటు ఏదో ఆవిడకీ అప్పుడే తెలిసినట్టు చూసింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆ నల్ల ముద్రలో తేదీ ఉంటుందని తెలియదు.

"ఏమ్మా," అంది అక్క అత్తగారు. "మీ ఆయన ఉన్నాడా, లేడా? సూటిగా చెప్పు."

"నేను చూళ్ళేదండి."

"చూళ్ళేదంటే ఏంటి?"

"ఎవరో మా ఊరి బూతుకి ఫోన్ చేసి చెప్పారంటండి, మేడ మీంచి పడిపోయాడని. మనిషిని పంపలేదు. బూడిదైనా పంపలేదు. ఫోను మాటకి బొట్టు తీసేస్తామన్నారు మా వాళ్ళు. నేను ఒప్పుకోలేదండి. వచ్చేశాను."

"ఎన్నేళ్ళైంది?"

చెప్పక్కర్లేదు, నా చేతిలో రాసే ఉంది.

"చెయ్యి వదులు ముందు! మా పిల్ల చెయ్యి వదులు!"

ఆవిడ వదల్లేదు. మెల్లిగా అంది. "కణుపు మీద ఉందండి గాజు. ఇటు లాగినా అటు తోసినా తెలిసిన చెయ్యి కాకపోతే చిట్లుతుంది. కడుపుతో ఉన్న పిల్ల. ఒక్క నిమిషం ఓపిక పట్టండి, ఎక్కించేసి నేనే లేచిపోతాను."

"ముట్టుకోకు!"

ఆవిడ చేతులు తీసేసింది. సబ్బునురగ చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది. అక్క "అత్తయ్యగారూ, ఎక్కించనివ్వండీ, నెప్పిగా ఉంది" అంటూనే ఉంది. అమ్మ లేవబోయింది గానీ వియ్యపురాలి మొహం చూసి మళ్ళీ కూర్చుంది. అక్క అత్తగారే అక్క చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని గాజుని తోసింది. తోయడం అంటే ఏమిటో నేను చూశాను. నాలుగు వేళ్ళూ పెట్టి, ఒక్క ఊపున.

మా వైపు గాజు పగిలిందని అనకూడదు, చిట్లిందనాలి. ఆ నిమిషంలో ఎవరూ ఏ మాటా అనలేదు. అక్క చేతి మీద సన్నగా నెత్తురు గీత వచ్చింది. చలిమిడి పళ్ళెంలో ఒక ఆకుపచ్చ ముక్క పడింది.

"చూశారా!" అంది అక్క అత్తగారు. "చూశారా, కళ్ళారా!"

పగలగొట్టిన చెయ్యి అక్క అత్తగారిది. నాకూ ఆ చేతికీ మధ్య మూడడుగులు. కానీ సాయంత్రానికి ఊళ్ళో తిరిగిన కథలో, ముండమోపి ముట్టుకోగానే గాజు దానంతటదే పగిలింది. నేను కాదన్నాను. సైకిలు షాపు దగ్గర చెప్పాను, బడిలో చెప్పాను. పంతొమ్మిది తేదీలు నమ్మినవాళ్ళు ఈ ఒక్కటీ నమ్మలేదు.

తర్వాతి వారం ఏం జరిగిందో వరసగా రాయగలను గానీ రాయాలని లేదు. మొదటి రెండు రోజులూ ఎవరూ కొట్టు వైపు వెళ్ళలేదు. మూడో రోజు నుంచి కొందరు వెళ్ళి పాత గాజులు ఆ అరుగు మీద పోసి వచ్చారు. తొడుక్కున్నవి తీసి పోశారు. శుక్రవారం చాప మీద కూర్చుని మరమరాలు తిన్నవాళ్ళే. ఆవిడ లోపలి నుంచి బయటికి రాలేదు.

తర్వాత లెక్కలు మొదలయ్యాయి. మా ఇంటికి వచ్చి నన్ను అడిగేవారు. "బాబూ, మా కోడలికి గర్భం పోయింది ఫలానా నెలలో. ఆవిడ గాజులు తొడిగింది దానికి ముందేనా?" "మా పెద్దాడి బండి కాలవలో పడింది చూడూ, అది ఆవిడొచ్చాకే కదా?" అందరికీ నేను తేదీలు తెలిసిన కుర్రాణ్ణి. ఒకావిడ వచ్చింది. ఆవిడ కూతురు పెళ్ళైన ఏడాదికే భర్త పోయి ఇంటికి చేరింది. "పెళ్ళి గాజులు ఆవిడే తొడిగింది బాబూ. మొదట్లోనే ఎందుకు కనిపెట్టలేదు నువ్వు?" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అక్కణ్ణించి తిన్నగా కొట్టు దగ్గరికి వెళ్ళి మన్ను పోసింది.

ఆ మూడేళ్ళ పైచిలుకులో గాజుల పిన్నిగారు వందల చేతులకి గాజులు తొడిగింది. వాటిలో పచ్చగా కాపురం చేసుకుంటున్న చేతులు ఎన్నో ఎవరూ నన్ను అడగలేదు. అడిగి ఉంటే అదీ రాసేవాణ్ణి. రెండు గళ్ళు ఉండాల్సిన పట్టికకి ఊరు ఒకటే గడి పెట్టింది. ఇది నాకు ఇంజనీరింగులో గణాంకాలు చదివాక తట్టింది. అప్పట్లో తట్టలేదు.

అక్కకి మాత్రం ఏమీ కాలేదు. ఆడపిల్ల పుట్టింది, మూడున్నర కిలోలు. ఆ మాట గాజుల పిన్నిగారి దగ్గరికి వెళ్ళి చెప్పినవాళ్ళు లేరు.

నాన్నమ్మతో ఆ వారమే మాట్లాడాను. పెరట్లో పనసపొట్టు కొడుతోంది.

"నాన్నమ్మా, నీకు తెలుసా ఆవిడ సంగతి?"

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"తలుపు చాటు నుంచి చూసేవాళ్ళకి బాగా కనపడుతుందిరా. పేరంటంలో తాంబూలం పుచ్చుకునేది గానీ ఎవరి కాళ్ళకీ తను పసుపు రాసేది కాదు. తొలి గాజు తను తొడిగేది కాదు, తల్లి చేత తొడిగించేది. మొగల్తూరు వైపు అలాంటి ఆనవాయితీ ఏం లేదు, మా మేనత్తని అక్కడే ఇచ్చారు. తన చెయ్యి వల్ల ఎవరికన్నా ఏదన్నా అవుతుందేమోనని దానికే భయం. ఆ భయంతో పుట్టించుకుంది."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

నాన్నమ్మ కత్తి ఆపింది. "చెప్పి? దాన్ని కూడా తెచ్చి ఈ వంటింట్లో నా పక్కన కూలేసుకోనా?"

మళ్ళీ పనసపొట్టు కొట్టడం మొదలుపెట్టింది.

అలా చూసుకుంటే పోస్టుమానుకి తెలుసు, నాన్నమ్మకి తెలుసు. బూతు కుర్రాడికీ తెలిసే ఉంటుంది, మస్కట్ నుంచి ఒక్క ఫోనూ రాలేదు కాబట్టి. అమ్మకి తెలుసో లేదో ఈనాటికీ అడగలేదు. తెలిసినవాళ్ళు ఎవరికి వారు నోరు కట్టుకుని ఆవిణ్ణి బతకనిచ్చారు. పైకి చదివేదాకా అది ఎవరికీ ఇబ్బంది కాలేదు. నేను పైకి చదివాను.

నాన్న నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఒకరోజు నీటిమట్టం రాసి వచ్చి, చొక్కా విప్పుతూ, "ఆవిడ స్టాంపులు ఆవిడకి ఇచ్చేసి రా" అన్నారు.

పంతొమ్మిదీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళాను. తలుపు ఒక రెక్క తీసి ఉంది. గాజుల పెట్టెలు తాళ్ళతో కట్టి ఉన్నాయి, ద్రాక్షారం నుంచి ఎవరో బేరగాడు వచ్చి మొత్తం తీసుకుంటున్నాడట. ఆవిడ నుదుట బొట్టు లేదు. తనే తీసేసిందో, ఎవరన్నా తీయించారో తెలియదు. నేను కవరు చాపాను.

"ఏంటి బాబూ?"

"మీ స్టాంపులండి. నాన్న ఇచ్చెయ్యమన్నారు."

తీసుకుని ఒకటి బయటికి లాగింది. వెనక్కి తిప్పి వేలితో రాసి చూసింది.

"నీళ్ళల్లో నానబెట్టావా?"

"అవునండి. కాగితం ఊడి రావాలంటే నానబెట్టాలి. అరగంట."

"ఇవి ఆయన నాలుకతో తడిపి అంటించినవి," అంది. తర్వాత కవర్లో వేసి నా చేతికే ఇచ్చేసింది. "నువ్వే ఉంచుకో. వీటిల్లో ఇంకేం లేదు."

నేను "తప్పయిపోయింది పిన్నిగారూ" అనాలనుకున్నాను. ఆ వాక్యం దారంతా కూర్చుకునే వచ్చాను. తీరా నోట్లోంచి వచ్చింది వేరే. "క్రేను అంత ఎత్తుండదండి," అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

"ఉండదా?" అంది ఆవిడ. "నేనెప్పుడూ చూళ్ళేదు బాబూ."

ఆవిడ ఊరు విడిచి వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు. నేనూ అదే కోరుకున్నాను. పోతే మర్చిపోవచ్చు. కానీ వెళ్ళలేదు. వెళ్ళడానికి చోటు లేదేమో. కొట్టులో క్యాసెట్ల షాపు వచ్చింది. ఆవిడ బడి దారిలో ఉన్న రైసుమిల్లులో నూకలు చెరిగే పనికి కుదిరింది. గేటు పక్కన పది మంది ఆడవాళ్ళు చేటలు పట్టుకుని కూర్చునేవారు. తవుడు దుమ్ములో అందరి జుట్టూ ఒకే రంగులో ఉండేది. ఆవిణ్ణి మాత్రం నేను చేతుల్ని బట్టి గుర్తుపట్టేవాణ్ణి. ఊరందరి చేతులూ నింపిన ఆ చేతులు మణికట్టు దాకా బోసిగా ఉండేవి.

మొదటి రోజు నేను తల దించుకుని సైకిలు తొక్కుతుంటే ఆవిడే పిలిచింది. "బాబూ! పరీక్షలు బాగా రాశావా?"

"రాశానండి."

"లెక్కల్లో నూటికి నూరు రావాలి మరి, ఆయ్."

ఎగతాళి లేదు అందులో. ఉంటే ఎంతో బాగుండేది. పక్కనున్న ఆడవాళ్ళలో ఒకామె, "ఈ కుర్రోడేగా నిన్ను పట్టించింది" అంది. ఆవిడ చేట కొట్టి, "తెలివైనోడు" అంది.

మిల్లు ముందు నుంచి వెళ్తే మా క్వార్టరుకీ బడికీ ఆరు వందల మీటర్లు. కాలవ గట్టు చుట్టూ తిరిగి, పొలాల మధ్య పల్లపు పుంత దారిలో దిగి, వెనక గేటు నుంచి వెళ్తే రెండు కిలోమీటర్ల పైమాట. వానాకాలంలో ఆ పుంతలో మోకాలి లోతు బురద. సైకిలు భుజాన వేసుకుని దాటాలి. పదో తరగతి అయ్యేదాకా, మూడేళ్ళు, నేను ఆ దారినే వెళ్ళాను. అమ్మ బురద బట్టలు ఉతుకుతూ తిట్టేది. దగ్గర దారి ఉండగా ఈ తిరుగుడు ఏమిట్రా అనేది. మిల్లు దగ్గర లారీలు ఎక్కువగా వస్తున్నాయని చెప్పాను.

పదో తరగతి పరీక్షల ముందు ఒకరోజు అమ్మ మిల్లుకి నూకల కోసం వెళ్ళి వచ్చి, సంచి దించుతూ చెప్పింది.

"ఆ గాజులావిడ అడిగిందిరా నిన్ను. 'బాబు ఈ మధ్య ఇటు రావడం లేదేంటండీ, ఒంట్లో బాగానే ఉంటోందా' అని."